హోమ్స్ కొత్త నవలలు: పరీక్షంతా వాట్సన్ దగ్గరే

సాహితీ మిత్రులందరికీ నమస్కారం.

డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ గురించి బ్రిటిష్ రచయిత ఆర్థర్ కానన్ డాయల్ రాసినవి నాలుగు నవలలు, 56 కథలు. తొలి నవల 1887లో వచ్చింది, చివరి కథ 1927లో. 1930లో డాయల్ కన్నుమూశాడు. ఆ తర్వాత హోమ్స్‌ను నాయకుణ్ణి చేసి ఇతరులు రాసినవి డాయల్ రాసిన వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2023 జనవరి 1 నాటికి అమెరికాలో కూడా హోమ్స్ కథలన్నిటి మీదా కాపీరైటు తీరిపోయింది కనుక ఈ ప్రవాహం ఇక ఆగదు.

ఒకరు పుట్టించిన పాత్రను మరొకరు నడిపించడం సబబేనా అని కొందరు అడుగుతారు. తెలుగువాళ్లం ఆ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన, అదీ నన్నయ రచనే అన్నట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. పూరించవచ్చా అన్న సంగతి మనకు ఏనాడో తేలిపోయింది. ఎంత శ్రద్ధగా పూరించారన్నదే చూడాలి.

ఆ శ్రద్ధ ఎక్కడ తెలుస్తుందో చెప్పడానికి డాయల్ రాసిన రెండో నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ మొదటి అధ్యాయంలోకి వెళ్దాం. హోమ్స్‌ను పరీక్షిద్దామని అతని మిత్రుడు, ఈ కథలు మనకు చెప్పే డాక్టర్ వాట్సన్ తన చేతికి కొత్తగా వచ్చిన జేబు గడియారం అందిస్తాడు. హోమ్స్ దాన్ని తిప్పి చూస్తాడు. వెనక చెక్కిన అక్షరాలను బట్టి అది తండ్రి నుంచి అన్నకు వచ్చిందంటాడు. అంచున సొట్టలున్నాయి. అంటే నాణేలు, తాళంచెవులు పడేసిన జేబులోనే అంత ఖరీదైన గడియారాన్నీ పెట్టుకునేవాడు, అజాగ్రత్త మనిషి. మూత లోపల సూదిమొనతో గీసిన నంబర్లు నాలుగు కనిపించాయి. అవి తాకట్టు వ్యాపారులు వేసే గుర్తులు, కాబట్టి తరచూ చేతిలో డబ్బు లేనివాడు. తాళం తిప్పే రంధ్రం చుట్టూ లెక్కలేనన్ని గీతలు. రాత్రివేళ వణికే చేత్తో తాళం తిప్పిన తాగుబోతు గడియారం అది.

ఇంతవరకు ఎవరైనా అనుకరించగలరు. తర్వాత జరిగేదే అసలు డాయల్. వాట్సన్ కుర్చీలోంచి దిగ్గున లేస్తాడు, కుంటుకుంటూ గదంతా తిరుగుతాడు. చనిపోయిన నా అన్న బతుకును రహస్యంగా ఆరా తీసి, ఇప్పుడు ఊహించినట్టు నటిస్తున్నావని మిత్రుణ్ణి నిలదీస్తాడు. హోమ్స్ క్షమాపణ చెబుతాడు. దాన్ని ఒక చిక్కుముడిగానే చూశాను, నీకు ఎంత బాధ కలిగించే విషయమో మరిచిపోయానంటాడు. తెలివి ఒకరి గుండెకు తగిలింది, తగిలిన సంగతి తెలివిగలవాడికి తెలిసివచ్చింది. ఈ తరవాయి నవలల్లో చాలావాటిలో చెప్పుల బురద, చొక్కా చేతి మీద సిరా మరక పుష్కలంగా ఉంటాయి. ఈ గాయం ఉండదు. వాట్సన్ “అద్భుతం!” అనడానికే మిగిలిపోతాడు. అలాంటి పుస్తకాన్ని నేను సగంలోనే మూసేస్తాను.

అదే అధ్యాయం హోమ్స్ ఏడు శాతం కొకెయిన్ ద్రావణాన్ని చేతికి ఎక్కించుకోవడంతో మొదలవుతుంది. వైద్యుడైన వాట్సన్ మందలిస్తాడు, ఆపలేకపోతాడు. 1974లో నికొలస్ మేయర్ ‘ది సెవెన్ పర్ సెంట్ సొల్యూషన్’ అన్న పేరుతోనే నవల రాశాడు. అందులో హోమ్స్ వ్యసనం ముదిరిపోయింది. అతన్ని బతికించడానికి వాట్సన్ ఒక మోసానికి ఒడిగడతాడు. డాయల్ కథల్లో హోమ్స్ బద్ధశత్రువైన మొరియార్టీని ఎరగా వేసి, హోమ్స్ తనంతట తానే వెంటాడుతూ వియన్నా చేరేలా చేస్తాడు. అక్కడ ఎదురుచూస్తున్నది మనోవిశ్లేషణకు ఆద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. కొకెయిన్ గురించి 1884లోనే వ్యాసం రాసిన అసలు ఫ్రాయిడే. ఎప్పుడూ వెనక నడిచే వాట్సన్ ఇక్కడ హోమ్స్ బుద్ధినే దాటి ఆలోచించాలి, అదీ ప్రేమతో. నా దృష్టిలో ఈ కోవలో ఇప్పటికీ దీన్ని మించింది లేదు.

డాయల్ వారసుల ఎస్టేట్ ఆమోదంతో 2011లో ఆంథొనీ హోరోవిట్జ్ రాసిన ‘ది హౌస్ ఆఫ్ సిల్క్’ ఇంకో దారి పట్టింది. హోమ్స్ పోయాక ముసలి వాట్సన్ రాస్తున్న కథ ఇది. వందేళ్లపాటు బయటపెట్టవద్దని షరతు పెడతాడు. డాయల్ కథల్లో బేకర్ స్ట్రీట్ వీధి పిల్లలకు రోజుకో షిల్లింగు ఇచ్చి లండనంతా వెతికిస్తాడు హోమ్స్. చదువుతూ మనం నవ్వుకుంటాం. హోరోవిట్జ్ నవలలో ఆ పిల్లల్లో ఒకడు హత్యకు గురవుతాడు. ఆ పిల్లవాణ్ణి పనికి పంపింది తానే కదా అని హోమ్స్ కుమిలిపోతాడు. ఇంతకు మించి కథ విప్పను. డాయల్ అడగకుండా వదిలేసిన ప్రశ్నను, డాయల్ మీద గౌరవం తగ్గకుండా అడిగిన పుస్తకం ఇది.

మరి వాట్సన్‌ను పెట్టడానికే వీల్లేని చోట ఏం చేయాలి? 1893 నాటి కథలో స్విట్జర్లాండ్‌లోని రైఖెన్‌బాఖ్ జలపాతం దగ్గర హోమ్స్ మరణించాడని అందరూ నమ్మారు. 1903లో తిరిగి తెచ్చినప్పుడు డాయల్ హోమ్స్ చేత ఒక్క మాట అనిపించి వదిలేశాడు: సిగర్సన్ అనే నార్వే యాత్రికుడి పేరుతో రెండేళ్లు టిబెట్‌లో తిరిగాను, లాసా చూశాను, అని. భారతదేశంలో ప్రవాసం గడిపిన టిబెటన్ రచయిత జమ్యాంగ్ నోర్బు ఆ వాక్యాన్ని పట్టుకుని 1999లో ‘ది మండాలా ఆఫ్ షెర్లాక్ హోమ్స్’ రాశాడు. మరుసటి ఏడాది దానికి మన దేశపు సాహిత్య బహుమతి క్రాస్‌వర్డ్ పురస్కారం వచ్చింది. మిత్రుడు చనిపోయాడనుకుని వాట్సన్ లండన్‌లో దుఃఖంలో ఉన్నాడు, కాబట్టి కథ చెప్పడానికి వేరే మనిషి కావాలి. నోర్బు కిప్లింగ్ నవల ‘కిమ్’ నుంచి హరీ చందర్ ముఖర్జీని పిలుచుకొచ్చాడు. కిప్లింగ్ కాస్త నవ్వులాటగా చూసిన బెంగాలీ బాబు ఇక్కడ హోమ్స్ పక్కన మర్యాదగా నిలబడి, తన గొంతుతో తాను మాట్లాడతాడు. ముంబైలో మొదలయ్యే కథ లాసాకు చేరేసరికి అద్భుతాల్లోకి జారుతుంది, అది డాయల్ తర్కానికి పొసగదని విమర్శించేవాళ్లున్నారు. వాళ్ల మాటలో నిజముంది. కానీ సొంత దేశానికి వెళ్లలేని ఒక రచయిత డాయల్ రాసిన ఒక్క వాక్యం ఆసరాగా లాసా వీధుల్లోకి నడిచి వెళ్లాడు. ఆ పుటలు చదివేటప్పుడు తర్కం గురించి నేను పట్టించుకోలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ చదవండి, వెంటనే మేయర్‌ను అందుకోండి. గడియారం సంగతి మనసులో పచ్చిగా ఉండగానే వియన్నా చేరితే, వాట్సన్ ఎందుకంత తెగించాడో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.