ఊబకాయం నోటి తప్పు కాదు, మెదడు ఆజ్ఞ

నమస్కారం. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నవారిని "నోరు కట్టుకోవడం చేతకాక అడ్డదారి తొక్కారు" అని నిందించడం ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. ఆ నింద అన్యాయమైనదే కాదు, అబద్ధం కూడా. ఎంత తినాలో నిర్ణయించేది నోరు కాదు, మెదడు అడుగున ఉండే హైపోథాలమస్.

1997లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు వెల్లడించిన ఒక ఉదంతం చూడండి. ఎనిమిదేళ్ల పాప, బరువు 86 కిలోలు. ఎంత తిన్నా ఆ పాపకు ఆకలి తీరేది కాదు. కారణం ఆమె రక్తంలో లెప్టిన్ దాదాపు లేకపోవడం. కొవ్వు కణాలు తయారుచేసే ఈ హార్మోన్, ఒంట్లో నిల్వలు సరిపడా ఉన్నాయన్న కబురును మెదడుకు చేరవేస్తుంది. కబురు అందని మెదడు, అంత బరువున్న ఒంటిని కూడా కరవులో ఉన్నదిగానే లెక్కించి తినమని తరుముతూనే ఉంది. ఆ లోపానికి చికిత్సగా లెప్టిన్ ఇచ్చిన ఏడాదిలో 16 కిలోలకు పైగా బరువు తగ్గింది. ఆ ఏడాదిలో మారింది పాప గుణమా, మెదడుకు అందిన సమాచారమా?

లెప్టిన్‌ను 1994లో శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొన్నది. అయితే దాని జాడ అంతకు చాలా ముందే మరో శాస్త్రవేత్త డగ్లస్ కోల్మన్‌కు దొరికింది. లావెక్కిన ఎలుకకూ మామూలు ఎలుకకూ రక్తప్రసరణ కలిసేలా ఆయన వాటిని శస్త్రచికిత్సతో జత చేస్తే, మామూలు ఎలుక రక్తం అందిన లావుపాటి ఎలుక తిండి తగ్గించేసింది. ఈ ప్రయోగం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

లెప్టిన్ లోపం అరుదు కదా అని మీరు అనవచ్చు. నిజమే, ఊబకాయం ఉన్నవారిలో ఎక్కువమందికి లెప్టిన్ పుష్కలంగానే ఉంటుంది. మెదడే దాని మాట సరిగా వినదు. పైగా బరువు తగ్గగానే లెప్టిన్ కూడా పడిపోతుంది కనుక, మెదడు ఆకలిని పెంచి, ఒంట్లో కేలరీల ఖర్చును తగ్గిస్తుంది. టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వారి శరీరాలు ఖర్చు చేయవలసిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయని తేలింది. వారి కష్టాన్ని లక్షలమంది చూశారు. ఆ తర్వాత చాలామందికి బరువు తిరిగి వచ్చింది. వారికి పట్టుదల లేదని ఎవరైనా ఎలా అనగలరు?

చుట్టూ దొరికే తిండి ప్రభావాన్ని నేను కాదనను. కానీ అదే తిండి మధ్య ఒకరు లావెక్కి మరొకరు ఎక్కకపోవడానికి కారణమయ్యే జన్యువుల్లో చాలా వరకు పనిచేసేది మెదడులోనే.

ఇక నా వాదనకు అసలు సాక్ష్యం ఆ ఇంజెక్షన్లే. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ అనే మందు ఆకలిని తగ్గించేది ప్రధానంగా మెదడు ద్వారానే. 2021లో వెలువడిన పరీక్షలో 68 వారాలకు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. మందు ఆపిన ఏడాదికి, తగ్గిన దానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మందుతో వచ్చి మందుతో పోయేదాన్ని సంకల్పబలం అని ఎలా పిలుస్తాం? మందు ఆపినవారికి ముందుగా తిరిగి వచ్చేది బరువు కాదు, ఆకలి.