టార్చి వేసి నోట్లోకి చూసుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం.

మా గొంతు డాక్టర్ల దగ్గరికి ఈ మధ్య చాలామంది ఫోన్‌లో ఫొటోతో వస్తున్నారు. కుర్చీలో కూర్చోకముందే చూపిస్తారు. "సార్, నాలుక వెనకాల ఈ బొడిపెలు చూడండి. వారం నుంచి నిద్ర లేదు." చూస్తే నాలుక మొదట్లో, వి ఆకారంలో, ఎనిమిదో పదో గుండ్రటి బొడిపెలు. రుచి తెలియడానికి ఉన్నవే అవి. మీకూ ఉన్నాయి, నాకూ ఉన్నాయి. ఫోన్‌కి టార్చి లేని రోజుల్లో అంత లోపలికి ఎవరూ తొంగి చూడలేదు, అంతే. టాన్సిల్స్ గుంటల్లో ఇరుక్కునే తెల్లటి, కంపుకొట్టే గింజలూ, అంగిలి మధ్య గట్టిగా తగిలే ఎముకా ఇలాగే హడలగొడతాయి.

ఇంకొందరికి గొంతులో ఉండ అడ్డుపడ్డట్టుంటుంది. నేనొకటే అడుగుతాను: "అన్నం దిగుతోందా?" "దిగుతోంది సార్, ఉత్తి గుటక వేస్తేనే తెలుస్తోంది." అలాగైతే చాలావరకు అది గడ్డ కాదు. గడ్డ వల్ల అడ్డం వస్తే ముందు ముద్ద ఆగుతుంది, నీళ్లు తర్వాత. టెన్షన్, పులితేన్పులు, పదేపదే గొంతు సవరించుకోవడం, ఇవే ఎక్కువగా కారణం. ఉందా లేదా అని గుటకలు వేసి చూసుకుంటున్నకొద్దీ అది పెరుగుతుంది.

వీళ్లు ఊరికే వచ్చారని నేను విసుక్కోను. నా బెంగంతా రానివాళ్ల గురించే. మన శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ తెలియనిదెవరికి? చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, అదీ ఎక్కువగా ఆడవాళ్లు. ఆ వేడికీ పొగకీ అంగిలి తెల్లగా మందమెక్కి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. ఈ జిల్లాలో పదివేలమందికి పైగా నోళ్లు పరీక్షించి 1971లోనే పరిశోధకులు దీని గురించి రాశారు. అలాంటి అంగిలితో, ఇంట్లోవాళ్లు లాక్కొస్తే వచ్చిన ముసలమ్మ అంటుంది: "నొప్పేటి లేదు బాబూ, ఎందుకీ గొడవ?"

చిక్కంతా ఆ నొప్పి దగ్గరే ఉంది. ప్రాణం తోడేసేట్టు మండే మామూలు నోటిపూత రెండు వారాల్లో దానంతటదే మానుతుంది. కేన్సర్ మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. అందుకే నొప్పిని కాదు, క్యాలెండర్‌ని చూడండి. మూడు వారాలైనా మానని పుండు, పోని తెల్ల మచ్చ, ముఖ్యంగా ఎర్ర మచ్చ, తగ్గని బొంగురు గొంతు, మెడలో బిళ్ల... బీకాంప్లెక్స్ మింగుతూ కూర్చోకండి. ముద్ద దిగకపోయినా, ఉమ్మిలో రక్తం పడినా అన్నాళ్లూ ఆగొద్దు. ఊపిరి ఆడకపోతే ఆ నిమిషమే ఆస్పత్రి. గుట్కా, వక్కపొడి వేసే కుర్రాళ్లకి నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం కూడా జబ్బే.

"పుండులోంచి ముక్క తీస్తే కేన్సర్ పాకుతుందట కదా" అని ప్రతి ఊళ్లోనూ అంటారు. పాకదు. ముక్క తీసి పరీక్షిస్తేనే అది ఏమిటో తేలుతుంది. ముక్క తీయించుకోకుండా ఆరు నెలలు పసర్లు రాసుకుంటే మాత్రం పాకుతుంది.

వచ్చేటప్పుడు ఎప్పుడు మొదలైందో, చుట్టా ఖైనీ ఎన్నేళ్ల నుంచో ఉన్నదున్నట్టు చెప్పండి. మేం తిట్టం. కట్టుడు పళ్లుంటే తీసి చూపించండి, వాటి కిందే మచ్చలు దాక్కుంటాయి. ముప్ఫై దాటినవాళ్లు పీహెచ్‌సీలోనే నోటి పరీక్ష అడగవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక మీరు అడగండి. నలుగురిలో ఇబ్బందైతే చీటీ రాసి పంపించండి.