ప్యారీస్ కార్నర్‌లో టీ

(ఫ్యాను చప్పుడు. గ్లాసు కింద పెట్టిన శబ్దం.)

నేను: రికార్డవుతోంది బాబాయ్, మైకు దగ్గరికి జరుగు. అందరికీ నమస్కారం, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈ వారం వచ్చింది మా ఇంట్లో మనిషే. ముప్పై ఏళ్లు పెద్దబజారులో నోటుపుస్తకాల షాపు నడిపాడు...

బాబాయ్: ముప్పైరెండు.

నేను: సరే, ముప్పైరెండు. మొన్న అన్నాల దగ్గర టీవీలో గాజా వార్తలొస్తుంటే నేనో మాట అన్నాను. 2024లో అమెరికా యూనివర్సిటీల్లో పిల్లలు డేరాలేసుకుని కూర్చున్నారు కదా, మరి సూడాన్ కోసం అట్లా ఎందుకు కూర్చోలేదు అని. నువ్వు దానికి జవాబు చెప్పకుండా మద్రాసు కథ ఎత్తుకున్నావు. అది మళ్లీ చెప్పు.

బాబాయ్: అదే జవాబు పాపా. 2009 ఫిబ్రవరి. జూన్ సీజనుకు సరుకు రేట్లు ముందే మాట్లాడుకోవాల. పినాకిని రైలు ఎక్కి పోయినా. ప్యారీస్‌లో దిగితే... ఫ్రాన్స్‌లో పారిస్ కాదు, మన ప్యారీస్ కార్నర్...

నేను: తెలుస్తుందిలే.

బాబాయ్: ఎవరికి తెలుసు, మీ పాడ్‌కాస్టు యాడయాడ వింటారో! సరే. హైకోర్టు అక్కడే కదా. వకీళ్లు కోర్టుకు పోవడం మానేసుండారు. నల్లకోట్లతోనే రోడ్డు మీద నినాదాలు. శ్రీలంకలో సైన్యానికీ పులులకూ, అదే తమిళుల దేశం కావాలని పోరాడే ఎల్టీటీఈకీ, జరిగే యుద్ధం ఆపమని. అంతకు ముందు నెలలోనే ఒక కుర్రోడు ఒంటికి నిప్పంటించుకుని చచ్చిపోయినాడు. ఊరంతా ఆ పోస్టర్లే. సగం షాపులు షట్టర్లు దించేసినారు. నేను పోయిన పని కాలేదు. ఒక టీకొట్టు కాడ నిలబడుకున్నా. అరవం నాకు బాగానే వచ్చు. టీకొట్టాయన అడిగినాడు, ఏ ఊరు అని. నెల్లూరన్నా. మీ ఊళ్లో కూడా బంద్ ఉందా అన్నాడు.

నేను: ఏమన్నావు?

బాబాయ్: అది తర్వాత చెప్తా. ముందు ఆ అట్లాసు తియ్యి.

నేను: ఇది మా పాప స్కూలు అట్లాసు. వినేవాళ్ల కోసం చెప్తున్నా, దీంట్లో పెన్సిల్ గీత ఒకటి ఉంది, గీసింది బాబాయే. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల రేఖాంశం మీద ఉంటుంది. శ్రీలంకలోని జాఫ్నా కూడా దాదాపు అక్కడే. స్కేలు పెట్టి నిట్టనిలువుగా కిందికి గీస్తే చాలు.

బాబాయ్: ఐదొందల ముప్పై కిలోమీటర్లు. గాల్లో కొలిస్తే మనకు విశాఖపట్నం ఎంతో, అదీ ఇంచుమించు అంతే. ఆ యుద్ధం చివరి నెలల్లో నలభై వేల మంది దాకా మామూలు జనం చచ్చిపోయి ఉండొచ్చని తర్వాత ఐక్యరాజ్యసమితి నిపుణులు రాసినారు. మద్రాసు మనకు మూడు గంటల దారి. అక్కడ అంత గోల. తడ దాటి ఇవతలికొస్తే ఒక్క జెండా లేదు. మనకు ఎలక్షన్లు. రాజశేఖరరెడ్డా, మహాకూటమా, చిరంజీవి కొత్త పార్టీయా? నా షాపులో పొద్దస్తమానం అదే మాట.

నేను: అది భాష వల్ల కదా బాబాయ్. చచ్చిపోయేది తమిళులు, అరిచింది తమిళులు.

బాబాయ్: నేనూ చానా రోజులు అట్టనే అనుకున్నా. కానీ భాష ఒక్కటే అయితే, మనోళ్లు ఇరుక్కున్నప్పుడు మనమూ రోడ్డెక్కాల కదా? 2022లో యుక్రెయిన్‌లో ఎవరుండారు? మన మెడిసిన్ పిల్లలు. మన వీధి చివరింటి పిల్ల బంకర్లోనుంచి వీడియో కాల్ చేసింది. వాళ్లమ్మ వారం రోజులు అన్నం ముట్టలేదు. మరి రష్యా మీద నెల్లూరులో ఎవరన్నా ఊరేగింపు తీసినారా?

నేను: పిల్లల్ని తీసుకురమ్మని అడిగారు.

బాబాయ్: అదీ. ప్రభుత్వాన్ని అడిగినారు. తొంభై విమానాలేసి తెచ్చినారు. పిల్లలు దిగినారు, దండలేసినారు, అయిపోయింది. ఆ తర్వాత యుక్రెయిన్ అంటే మనకు సన్‌ఫ్లవర్ నూనె రేటే.

(పిన్ని లోపలి నుంచి: "ఇంకో టీ పెట్టమంటారా?")

బాబాయ్: పెట్టు. చక్కెర తగ్గించు. ఏం చెప్తుండా? ఆఁ, రష్యా. పాపా, మా వయసోళ్లకు రష్యా అంటే ఎట్టుంటుందో నీకు తెలీదు. ఒంగోలు, కందుకూరు పక్క పొగాకు రైతును అడుగు. ఒకప్పుడు సోవియట్ కొనుగోలు మీదనే వాళ్ల పొగాకు కాల్చే బ్యారన్లు నడిచినాయి. 1991లో ఆ దేశం ముక్కలైతే ఇక్కడ బేళ్లు కొనే నాథుడు లేక అల్లాడినారు. ఇంకోపక్క మా చిన్నప్పుడు రష్యా బొమ్మల పుస్తకాలు, తెలుగులో, గట్టి అట్టలతో, రూపాయి అర్ధకు దొరికేవి. అట్టాంటి పాత చుట్టం తప్పు చేసినా పది మందిలో నిలబెట్టి అడగలేం. నోరు రాదు.

నేను: అయితే నువ్వు చెప్పేదేంటి, మన చుట్టమైతే నోరు మూసుకుంటాం, కాకపోతే అరుస్తామనా?

బాబాయ్: దాంట్లో సగం తిరగెయ్యి. మనవాడు చేస్తుంటే, వాడు మన మాట వింటాడన్న ఆశ ఉంటే అప్పుడు అరుస్తాం. నువ్వన్న డేరాల పిల్లలు ఏం అడిగినారు? యుద్ధం ఆపమనే కాదు, మా యూనివర్సిటీ డబ్బు ఆ కంపెనీల్లోంచి తియ్యండి అన్నారు. అడగడానికి గడప ఎదురుగానే ఉంది. ఫీజు కట్టింది వాళ్లే.

నేను: వియత్నాం కూడా అంతేనేమో. అమెరికాలో కుర్రాళ్ల పేర్లు సైన్యానికి లాటరీ తీసినట్టు తీశారు కదా. ఆ నిర్బంధం 1973లో ఎత్తేశారు.

బాబాయ్: మరి కలకత్తా? అక్కడ ఎవరికీ లాటరీ తగల్లేదే. అయినా "అమార్ నామ్, తోమార్ నామ్, వియత్నాం" అని గొంతు చించుకున్నారు. నీ పేరు, నా పేరు వియత్నాం అని. ఎందుకంటే అమెరికా కాన్సులేటు ఆ ఊళ్లోనే ఉంది. ఆ ఆఫీసుండే వీధి పేరే మార్చి హోచిమిన్ సరణి అని పెట్టేసినారు. (నవ్వు) అమెరికావోళ్లు ప్రతి ఉత్తరం మీదా శత్రువు పేరు రాసుకోవాల్సొచ్చింది. దీనికంటే గట్టి దెబ్బ నాకైతే తోచలేదు.

నేను: ఇప్పుడు నేను అడ్డం తగులుతా. 2003 ఫిబ్రవరి 15. ఇరాక్ మీద యుద్ధం వద్దని ఒకే రోజు ప్రపంచమంతా వీధిలోకొచ్చారు. లండన్‌లో పోలీసుల లెక్కే ఏడున్నర లక్షలు. నెల దాటిందో లేదో బాంబులు పడనే పడ్డాయి. మరి గడప ఎదురుగా ఉండి ఏం లాభం?

బాబాయ్: లాభం సంగతి వేరే. ఎందుకొచ్చినారు అన్నదే కదా మన మాట? ఆ రోజు వాళ్ల నినాదం గుర్తుందా?

నేను: "నా పేరు మీద వద్దు."

బాబాయ్: ఇంకేం మరి! పైగా అప్పటికి యుద్ధం మొదలు కాలేదు. ఆపొచ్చనుకున్నారు. ఇంక కాంగో తీసుకో. 1998 నుంచి యాభై లక్షలకు పైగా పోయినారని ఒక అంచనా. లెక్క మీద తగువులుండాయిలే. ఎక్కువ మంది తూటాకు కాదు, ఆకలికి, జబ్బుకు పోయినారు. ఎన్ని దేశాల సైన్యాలు దిగినాయో, ఎన్ని ముఠాలో! ఎవరి గడప ముందర కూర్చుంటావు? నీ చేతిలో ఫోనులోకి అక్కడి ఖనిజం వచ్చుండొచ్చు. అయినా ఫోను ముందర ధర్నా చెయ్యలేవు కదా.

నేను: సూడాన్ దగ్గరికి రా.

బాబాయ్: 2023 ఏప్రిల్‌లో మొదలైంది. సైన్యమూ, దాని పక్కనే పెరిగిన ఇంకో సాయుధ దళమూ కొట్టుకుంటుండాయి. కోటి మందికి పైగా ఇళ్లొదిలినారు. మనోళ్లను మాత్రం ఓడల్లో, విమానాల్లో తెచ్చుకున్నాం, ఆపరేషన్ కావేరి అని. ఆ రెండో దళానికి యూఏఈ ఆయుధాలిస్తోందని ఆరోపణ. ఆ దేశం కాదంటుంది. నిజమే అనుకో. అడిగేదెవరు? మన జిల్లాల నుంచి దుబాయ్ పోయినోళ్లు ఎంతమంది! నెలనెలా డబ్బొచ్చే ఇంట్లో ఆ పేరు ఎవరెత్తుతారు?

నేను: ఇది వింటే నాకు కోపమొస్తోంది బాబాయ్. అంటే చచ్చేవాళ్ల లెక్కకూ మన కన్నీళ్లకూ సంబంధమే లేదంటున్నావు. ఇంకో పక్క, గాజా గురించి ఎవరైనా నోరు తెరిస్తే చాలు, "సూడాన్ గురించి అడగలేదే" అని మీద పడతారు. అలా అడిగేవాళ్లలో సూడాన్ కోసం నిలబడినవాళ్లు నాకు ఒక్కరూ కనపడలేదు.

బాబాయ్: ఉండరు. అది ఉన్న నోరు మూయించే మాట. 1992లో మన జిల్లా దూబగుంట ఆడోళ్లు సారా దుకాణం మూయించినప్పుడూ అట్టనే అన్నారు. బ్రాందీ షాపుల సంగతేంది, టౌనులో బార్ల సంగతేంది అని. నా షాపు ముందరే అన్నారు. వాళ్లకు చదువు నేర్పే పుస్తకంలో సారా మీద పాఠం వచ్చింది, దుకాణం ఊళ్లోనే ఉంది, మొగుడు ఇంట్లోనే ఉండాడు. దాన్నే పట్టుకున్నారు. వేలం పాటలు జరగనియ్యలేదు. 93 అక్టోబరుకల్లా రాష్ట్రమంతా సారా బంద్. ముందు ఫలానాదాన్ని అడగండని కూర్చోబెట్టుంటే ఏదీ కదిలేది కాదు.

నేను: సరే, ఒప్పుకుంటా, సగం. శ్రీలంక విషయంలో ఇంకో ముడి ఉంది కదా. రాజీవ్ గాంధీ.

బాబాయ్: ఉంది. 91లో శ్రీపెరంబుదూరులో ఆయన్ను పులులే చంపినారు. ఆ తర్వాత మన పక్క ఎవరన్నా శ్రీలంక తమిళుల పేరెత్తితే పులుల మనిషంటారని భయం. పులులు కూడా తక్కువ తిన్లేదు. వాళ్ల జనాన్నే అడ్డం పెట్టుకున్నారు, పారిపోతే కాల్చినారు. జనం ఎప్పుడూ మచ్చలేని బాధితుణ్ణే వెతుకుతారు. దొరక్కపోతే పేపరు మడిచి పక్కన పెడతారు. నేనూ పెట్టినోణ్ణే.

నేను: టీకొట్టు ఆయనకు ఏం చెప్పావు?

బాబాయ్: ఏముంది చెప్పేదానికి. "మా ఊళ్లో ఎందుకు బంద్?" అన్నా. వాదన కాదు, నిజంగా అర్థం కాక అన్నా. ఆయన ఏమనలేదు. గ్లాసు కడిగి నాకు టీ పోసి, పక్కనోడితో మాట్లాడుకున్నాడు. రైలు సాయంత్రం ఉంది. ఆ రెండు గంటలూ సెంట్రల్లో కూర్చోని లెడ్జరు సైజులు రాసుకున్నా.

నేను: అట్లాసులో గీత ఎప్పుడు గీశావు మరి?

బాబాయ్: మొన్నే. నువ్వు సూడాన్ అన్నావు చూడు, ఆ రాత్రి.