‘మోర్ బెటర్’ ఎందుకు తప్పు? కంపారిటివ్‌ల లెక్క

హోస్ట్: నమస్తే అండి. ఇవాళ కంపారిటివ్ డిగ్రీ గురించి. టాల్, టాలర్, టాలెస్ట్ అని అందరం బట్టీ పట్టినదే. అయినా ఇంటర్వ్యూల్లో ‘మోర్ బెటర్’, ‘మోర్ ఈజియర్’ దొర్లుతూనే ఉంటాయి. ఎందుకంటారు మేడం?

టీచర్: తెలుగులో విశేషణం మారదండి. ‘అన్న కంటే తమ్ముడు పొడుగు’ అంటాం. పొడుగు అలాగే ఉంది, పోలిక భారమంతా ‘కంటే’ మోసింది. ఇంగ్లిష్‌లో ‘దాన్’ ఒక్కటే చాలదు, విశేషణమూ మారాలి. ఆ కంగారులో కొందరు రెండుసార్లు మార్చేస్తారు. ‘బెటర్’ అనేసరికే పోలిక అయిపోయింది. దాని ముందు ‘మోర్’ పెట్టడమంటే ఉప్పేసిన కూరలో మళ్లీ ఉప్పేయడమే.

హోస్ట్: మరి ఎక్కడ ఇ-ఆర్, ఎక్కడ మోర్? పెద్ద మాటైతే మోర్ అని చెబుతుంటారు కదా.

టీచర్: పెద్దదో చిన్నదో చెవితో తేల్చాలి, కంటితో కాదు. పలికినప్పుడు అచ్చు ధ్వని ఎన్నిసార్లు వస్తే అన్ని సిలబుల్స్. ‘స్ట్రెయిట్’ స్పెల్లింగ్‌లో 8 అక్షరాలు, సిలబుల్ మాత్రం ఒకటే, అందుకే స్ట్రెయిటర్. మనం ‘స్ట్రె-యిట్’ అని సాగదీసి రెండనుకుంటాం. అదే ‘మోడర్న్’కి 6 అక్షరాలే గానీ సిలబుల్స్ రెండు, అది మోర్ మోడర్న్. ఒక్క సిలబుల్‌కి ఇ-ఆర్, మూడూ ఆపైన ఉంటే మోర్. ఇంతవరకూ పేచీ లేదు.

హోస్ట్: అంటే పేచీ రెండు సిలబుల్స్ దగ్గర.

టీచర్: అక్కడే. చివర ‘వై’ ఉంటే దాన్ని ‘ఐ’ చేసి ఇ-ఆర్ కలపాలి: ఈజియర్, బిజియర్, హ్యాపియర్. సింపుల్ సింప్లర్ అవుతుంది, నారో నారోవర్ అవుతుంది. యూజ్‌ఫుల్, కేర్‌ఫుల్, ఫేమస్ లాంటివాటికి మోరే. క్వయట్, క్లెవర్ లాంటి కొన్నిటికి రెండూ చెల్లుతాయి. ‘వై’తో ముగియని రెండు సిలబుల్స్ మాట దగ్గర అనుమానమొస్తే మోర్ వాడేయండి, పెద్దగా ఎబ్బెట్టుగా ఉండదు.

హోస్ట్: ‘టైర్డ్’ చిన్న మాటే కదా. టైర్డర్ అనొచ్చా?

టీచర్: అనకూడదు. టైర్డ్, బోర్డ్ క్రియల నుంచి వచ్చినవి. వాటికి మోర్ టైర్డ్, మోర్ బోర్డ్. ‘ఫన్’ కూడా మోర్ ఫన్. అటువైపు చూస్తే ‘అన్‌హ్యాపీ’కి మూడు సిలబుల్స్ ఉన్నా అన్‌హ్యాపియర్ అంటారు. ముందున్న ‘అన్’ని లెక్కలోకి తీసుకోరన్నమాట.

హోస్ట్: రాసేటప్పుడు ‘బిగ్గర్’లో రెండు ‘జి’లు, ‘చీపర్’లో ఒకటే ‘పి’. ఇదేం లెక్క?

టీచర్: ఒక్క సిలబుల్ మాట చివర ఒకే అచ్చు, ఒకే హల్లు ఉంటే ఆ హల్లు రెండవుతుంది. బిగ్, హాట్, థిన్ అన్నీ ఇంతే. ‘చీప్’లో అచ్చులు రెండు, ‘ఫాస్ట్’ చివర హల్లులు రెండు, కాబట్టి వాటికి అక్కర్లేదు. ఎందుకంటే రెండో హల్లు ముందున్న అచ్చును పొట్టిగా ఉంచుతుంది. ‘లేటర్’లో ఒక ‘టి’ ఉంటే తర్వాత అని అర్థం. ఇంకో ‘టి’ చేర్చారా, అది ‘లాటర్’, అంటే చెప్పిన రెండింటిలో రెండోది. మెయిల్లో ‘ఐ విల్ కాల్ యు లాటర్’ అని రాసేవాళ్లకి కొదవలేదు! ‘స్లో’ చివరి ‘డబ్ల్యు’ మాత్రం ఎప్పుడూ రెండవదు.

హోస్ట్: తేడా చాలా ఉందని చెప్పాలంటే? ‘వెరీ బెటర్’ అని వింటుంటాం.

టీచర్: కంపారిటివ్ ముందు ‘వెరీ’ నిలవదు. మచ్ బెటర్, ఫార్ చీపర్ అనాలి. కొంచెమే తేడా అయితే ఎ లిటిల్ చీపర్. ఇంకోటి, సీనియర్, జూనియర్, సుపీరియర్ లాటిన్ నుంచి వచ్చిన మాటలు. వాటి తర్వాత ‘దాన్’ రాదు, ‘టు’ వస్తుంది: షీ ఈజ్ సీనియర్ టు మీ.

హోస్ట్: అన్నీ సరిగ్గా ఉన్నా వాక్యం తప్పే సందర్భాలున్నాయా?

టీచర్: ఉన్నాయండి. ‘విజయవాడ సమ్మర్స్ ఆర్ హాటర్ దాన్ హైదరాబాద్’. హాటర్ సరే, దాన్ సరే. కానీ ఎండాకాలాన్ని ఊరితో పోల్చేశాం. ‘దాన్ దోజ్ ఇన్ హైదరాబాద్’ అనాలి. అలాగే ‘హీ ఈజ్ టాలర్ దాన్ ఎనీ బాయ్ ఇన్ ది క్లాస్’ అంటే ఆ క్లాసులో అతనూ ఉన్నాడు కాబట్టి తనకంటే తానే పొడుగైపోయాడు. ‘ఎనీ’ పక్కన ‘అదర్’ చేర్చండి.