బర్మా మినుములు, జనరళ్ల డాలర్లు

శ్రోతలకు నమస్కారం.

విశాఖ వాళ్లకు బర్మాను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది. ఒకప్పుడు ఓడెక్కి రంగూన్ వెళ్లి, 1962లో నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చి వ్యాపారాలన్నీ జాతీయం చేశాక కట్టుబట్టలతో తిరిగొచ్చిన కుటుంబాలు ఇప్పటికీ మన మధ్య ఉన్నాయి. ఇప్పుడు మయన్మార్ అనాలట. నా నోటికి మాత్రం బర్మా అనే వస్తుంది.

2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం మళ్లీ గద్దెనెక్కింది. అప్పట్నుంచీ అంతర్యుద్ధమే. అమెరికా, యూరప్ దేశాలు ఆంక్షలు పెట్టాయి. మనమేమో ఆ ఏడాది జూన్‌లోనే ఒప్పందం రాసుకున్నాం. ఐదేళ్లపాటు ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ప్రైవేటు వ్యాపారుల ద్వారా తెచ్చుకుంటామని.

తప్పు చేశామా? ముందు ఆ మినుము సంగతి వినండి.

బర్మా దిగువన బగో, ఐరావతి డెల్టా వైపు వరి కోతలయ్యాక ఆ నేల తేమ మీదే మినుము పండిస్తారు. మన కోస్తా మాగాణుల్లో చేసినట్టే. వాళ్లు తినేది తక్కువ, పండించేది ఎక్కువగా మనకోసమే. రంగూన్‌లో ఓడెక్కిన బస్తాలు చాలావరకు చెన్నైలో దిగుతాయి. పప్పు వ్యాపారులు వాటిని నాణ్యతను బట్టి ఎఫ్ఏక్యూ, ఎస్‌క్యూ అని రెండు రకాలుగా చెబుతారు. ఎస్‌క్యూ గింజ కాస్త లావు, ధరా ఎక్కువే. మిల్లులో పొట్టు పోయి మినపగుళ్లయ్యాక ఇంక ఏది బర్మాదో, ఏది మన కృష్ణా జిల్లాదో మన విశాఖ పూర్ణా మార్కెట్లో ఎవరూ అడగరు.

మరి డబ్బు? డబ్బు ఏ జేబులో పడింది?

మన వ్యాపారి కట్టేది డాలర్లు. అక్కడి రైతుకు చేరేది క్యాట్లు, అంటే బర్మా డబ్బు. ఈ మార్పిడి దగ్గరే ఉంది తిరకాసు. 2022లో సైనిక ప్రభుత్వం డాలరుకు 2,100 క్యాట్లని రేటు బిగించేసింది. బయటి మార్కెట్ రేటు దాన్ని దాటి పెరుగుతూ పోయి, 2024కల్లా రెట్టింపు మించింది. ఎగుమతిదారు మాత్రం తనకొచ్చిన డాలర్లలో కొంత వాటా ఆ సర్కారు రేటుకే మార్చి తీరాలి. అంటే ప్రతి బస్తా మీదా కోతే. ఆ నష్టాన్ని ఎగుమతిదారు ఎవరి నెత్తిన రుద్దుతాడు? రైతు నెత్తిన. చౌకగా వచ్చిన డాలర్లు ఎవరికి? జనరళ్లకి. రశీదు లేని పన్ను అది.

సరే, ఆంక్షల్ని కూడా అదే ప్రశ్న అడుగుదాం. డబ్బు ఏ జేబులో ఆగింది? 2003లో అమెరికా బర్మా సరుకు దిగుమతులు నిషేధించింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వేలమంది ఆడపిల్లల పని పోయింది. జనరళ్లు మాత్రం థాయ్‌లాండ్‌కు గ్యాసు అమ్ముకుంటూ హాయిగా ఉన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టయింది.

ఈసారి కొంత నయం. సర్కారు చమురు సంస్థ ఎంఓజీఈ మీద 2022లో యూరోపియన్ యూనియన్ ఆంక్ష పెట్టింది. 2023లో బ్రిటన్, కెనడా, అమెరికా విమాన ఇంధనం సరఫరా చేసేవాళ్ల మీద పడ్డాయి. ఇంధనం మీదే ఎందుకో చూడండి. 2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలో పజీజీ అనే పల్లె మీద సైన్యం విమానాలతో దాడి చేసింది. 160 మందికి పైగా చనిపోయారు. సగాయింగ్ అంటే కందులు పండే నేలండీ. మనం ఒప్పందంలో రాసుకున్న ఆ కందులే. నా మటుకు నాకు చొక్కాల మీద నిషేధం కన్నా విమానం పెట్రోలు మీద నిషేధం వెయ్యి రెట్లు న్యాయం.

అన్నట్టు, బర్మాలోని ష్వే గ్యాసు క్షేత్రంలో మన సర్కారు సంస్థలు ఓఎన్‌జీసీ విదేశ్‌కూ, గెయిల్‌కూ వాటాలున్నాయి. ఆ గ్యాసు పైపులైన్లో చైనా దాకా పోతుంది. పప్పుల గురించి మాట్లాడినంత ధారాళంగా దీని గురించి మనవాళ్లు మాట్లాడరు.

మళ్లీ మినుముల దగ్గరికొద్దాం. 2023 జూన్‌లో అమెరికా రెండు బర్మా సర్కారు బ్యాంకుల మీద ఆంక్షలు పెట్టింది. దాంతో డాలర్ల చెల్లింపు ఇంకా చిక్కయింది. 2024 జనవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా పప్పులకు రూపాయిల్లో కట్టే ఏర్పాటు మొదలైంది. ఇది నాకు నచ్చింది. డాలరైతే ఎక్కడికైనా ఎగిరిపోతుంది. రూపాయి మన బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. దాంతో అవతలివాళ్లు మందులు కొన్నారో, ఇంకేం కొన్నారో మనకు తెలుస్తుంది.

అందుకని నేను అడిగేది చిన్నది. ఇలాంటి ఒప్పందం మళ్లీ రాసుకునేటప్పుడు రెండు షరతులు కలపండి. ఆ రూపాయలతో విమాన ఇంధనం, ఆయుధాలు కొనకూడదు. రైతుకు కట్టే క్యాట్ల లెక్క బయటి రేటుకు దగ్గరగా ఉండాలి. మొదటిది పూర్తిగా మన చేతిలో పని. రెండోదానికి బేరమాడాలి. బర్మా మినుముకు మనంత పెద్ద గిరాకీ ఇంకెవరూ లేరు కాబట్టి ఢిల్లీ వాణిజ్య శాఖ ఆ బేరం కాస్త గట్టిగానే ఆడొచ్చు.

సెలవు. నమస్కారం.