ఫుల్ ఇన్సూరెన్స్ అన్నారు, మరి డబ్బు ఎందుకు రాలేదు?

[దృశ్యం: విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. అపార్ట్‌మెంట్ సెల్లార్. గోడ మీద నడుము ఎత్తున మట్టి గీత.]

ఈ గీత చూశారా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచెత్తినప్పుడు నీళ్లు ఇంత ఎత్తున నిలిచాయి. మా బాబాయి కారు ఈ స్తంభం పక్కనే ఉంది. నీళ్లు దిగగానే ఆయన చేసిన మొదటి పని తాళం తిప్పడం. రెండుసార్లు మూలిగింది. మూడోసారి లోపల ఏదో విరిగినట్టు చప్పుడైంది.

నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపిన సర్వేయరు వచ్చి నింపాదిగా ఒక్క ప్రశ్న వేశాడు. "నీళ్లు దిగాక స్టార్ట్ చేశారా సార్?" బాబాయి ఉన్నమాట చెప్పేశారు. సీట్లకు, వైరింగుకు డబ్బు వచ్చింది. ఇంజిన్‌కు రాలేదు.

[దృశ్యం: ఆటోనగర్‌లో ఒక షెడ్డు. బల్ల మీద వంగిపోయిన కనెక్టింగ్ రాడ్, దగ్గరగా.]

కారణం ఇదిగో, ఈ రాడ్డు. గాలి పీల్చుకునే గొట్టం గుండా నీళ్లు సిలిండర్‌లోకి చేరతాయి. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీరు అలా కుదించుకోదు. పిస్టన్ పైకి లేస్తుంది, నీరు దారివ్వదు, మధ్యలో రాడ్డు వంగుతుంది. కంపెనీ దృష్టిలో కారు తడవడం వరద చేసిన నష్టం, రాడ్డు వంగడం మనం తాళం తిప్పి చేసుకున్న నష్టం. మొదటిదానికి సొంత వాహన నష్టం కవర్ వర్తిస్తుంది. రెండోదానికి ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ అనే అదనపు కవర్ విడిగా కొనుక్కుని ఉండాలి, దాని షరతులు కూడా చదువుకోవాలి. అందుకే కారు మునిగితే తాళం జేబులోనే ఉంచండి. ఫొటోలు తీయండి, కంపెనీకి ఫోన్ చేయండి, బండిని లాగించుకుని వెళ్లండి.

అసలు ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అన్న మాటే నాకు గిట్టదు. పాలసీ కాగితంలో ఆ మాట ఎక్కడా ఉండదు. చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ మాత్రమే. అంటే మీ బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికి పరిహారం. అదొక్కటే ఉంటే మీ కారు కృష్ణలో కొట్టుకుపోయినా మీకు పైసా రాదు.

[తెరపై: పగిలిన బంపర్, పక్కన బిల్లు.]

థర్డ్ పార్టీ, సొంత వాహన నష్టం కవర్ రెండూ ఉన్నా బిల్లంతా రాదు. కొత్త బంపర్ 10,000 రూపాయలు అనుకుందాం. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగు, అంటే పాతబడినందుకు తగ్గించే విలువ, సగం, కాబట్టి 5,000 పోయింది. 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయింలో తప్పనిసరి కోత మరో 1,000. చేతికి వచ్చేది 4,000. రంగు, కూలీ లెక్క వేరు. ఆ తరుగు పడకూడదంటే ‘బంపర్ టు బంపర్’ అనే అదనపు కవర్ తీసుకోవాలి. అదున్నా ఆ 1,000 కోత మాత్రం తప్పదు.

లైసెన్సు లేనివారు నడిపినా, తాగి నడిపినా సొంత కారు నష్టానికి డబ్బు రాదని అందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. తెల్ల నంబరు ప్లేటు సొంత కారును గుంటూరు నుంచి తిరుపతికి కిరాయికి తిప్పుతుంటారు. దారిలో ప్రమాదం జరిగితే క్లెయిం ఆ కిరాయి దగ్గరే ఆగిపోతుంది.

[దృశ్యం: ఇల్లు. తడిసి ఉబ్బిన చెక్క బీరువా.]

ఇక ఇల్లు. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, తుపాను, వరద అందులో ఉన్నాయి. ఇంటి భవనానికి పాలసీ తీసుకుంటే, ఆ బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు ఇంటి సామానుకూ రక్షణ కలిసివస్తుంది. బాగానే ఉంది కదా? ఇప్పుడు బీరువా తెరవండి. నగదుకు కవర్ లేదు. నగలకు విడిగా అడిగి తీసుకోవాలి. వాకిట్లో నిలిపిన స్కూటరు ఇంటి సామాను కిందికి రాదు. గదిలో దాచిన మిరప బస్తాలు వ్యాపార సరుకు, గృహ పాలసీ వాటి జోలికి పోదు.

ఫ్రిజ్‌లో షార్ట్ సర్క్యూట్ అయితే ఆ ఫ్రిజ్‌కు డబ్బు రాదు. దాని మంట కర్టెన్లకు పాకితే వాటికి వస్తుంది! స్థలం విలువ కూడా లెక్కలోకి రాదు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చే లెక్క. ఏళ్ల తరబడి చెమ్మ పట్టి పెచ్చులూడిన గోడను మాత్రం ఎవరూ బాగుచేయించరు.

క్లెయిం కాదన్నారా? కారణం, అది పాలసీలో ఏ షరతు కిందికి వస్తుందో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి, రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ కార్యాలయం పరిధిలోనిదే. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల వరకు ఇప్పించే అధికారం ఉంది.

[దృశ్యం: మళ్లీ సెల్లార్. అదే కారు, కొత్త ఇంజిన్‌తో.]

బాబాయి ఈ ఏడాది ఇంజిన్ కవర్ తీసుకున్నారు. ఇంటి సంగతి ఎత్తితే మాత్రం, "మనది రెండో అంతస్తు కదరా" అంటున్నారు.