అంబాసిడర్, మారుతి 800: బండి తోలేదెవరు?

(విజయనగరంలో మోటార్ మెకానిక్ శిక్షణ పొందుతున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

అంబాసిడర్ గురించి, మారుతి 800 గురించి పక్కపక్కన పెట్టి చెప్పమన్నారు. రెండింటి తయారీ ఆగింది 2014లోనే. పుట్టుకలో మాత్రం పాతికేళ్ల తేడా. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని అంబాసిడర్ పేరుతో కలకత్తా దగ్గరి ఉత్తరపాడలో 1950ల చివర్లో తయారుచేయడం మొదలుపెట్టారు. మారుతి 1983 డిసెంబరులో సుజుకీ సాయంతో గుర్గావ్ నుంచి వచ్చింది.

నన్నడిగితే ఈ రెండు బళ్ల మధ్య పెద్ద తేడా స్టీరింగ్ వెనక కూర్చునే మనిషే. పాత అంబాసిడర్‌లో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీలా ఒకటే కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు సర్దుకునేవారు. ఆ రాడ్డుని గేరుబాక్సుకి కలిపే లింకులు అరిగితే గేరు ఇరుక్కుపోయి బండి నడిరోడ్డు మీద ఆగేది. డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, లింకుల్ని చేత్తో న్యూట్రల్‌కి లాగి, మసిగుడ్డతో చెయ్యి తుడుచుకుని మళ్లీ ఎక్కేవాడు. సాలూరు దాటి కోరాపుట్ ఘాట్ ఎక్కాలంటే డిక్కీలో నీళ్ల డబ్బా ఉండాల్సిందే. ఇంత తెలిసిన డ్రైవరుకి జీతమివ్వగలిగిన ఇంట్లోనో, ప్రభుత్వ ఆఫీసులోనో ఆ బండి ఉండేది.

మారుతికి 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు. ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, పవర్ ముందు చక్రాలకే వెళ్తుంది. అంబాసిడర్‌లోలా వెనక చక్రాలకి పవర్ మోసుకెళ్లే పొడవాటి జాయింట్ షాఫ్టు లేదు, ఆ చక్రాల్ని తిప్పే క్రౌన్ గేరు లేదు. అంబాసిడర్ బరువు టన్ను దాటితే దీనిది సుమారు 650 కిలోలు. గుమస్తా, టీచరమ్మ కూడా తమ బండి తామే తోలుకున్నారు. మన గోతుల్లో మాత్రం 15 అంగుళాల చక్రాలున్న అంబాసిడర్‌దే పైచేయి. మారుతి 12 అంగుళాల చక్రం గోతిలో పడితే ఆ సంగతి ముందు నడుముకి తెలుస్తుంది!

ఓనరే తోలుకునే బండిలో చిన్న తేడా కనిపెట్టే మనిషి ఉండడు. ఆ పని మీ మీద పడుతుంది. మారుతి ముందు చక్రాన్ని తిప్పే షాఫ్టు చివర జాయింటు ఉంటుంది, దాని మీద తొడుగులా నల్ల రబ్బరు బూటు ఉంటుంది. అది చీలితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుక లోపలికి పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటే టకటకమంటుంది. ఆ చప్పుడు వచ్చిందంటే జాయింటు అరిగినట్టే. సర్వీసుకొచ్చిన ప్రతిసారీ బూటుని వేళ్లతో తడిమి చూడండి.

ఇంకొకటి. అంబాసిడర్‌కి లారీలా విడి ఛాసిస్ ఉందని చాలామంది నమ్మకం. లేదు. రెండింటిలోనూ బాడీయే బరువంతా మోస్తుంది, కాబట్టి బాడీకి తుప్పు పడితే బండికే ముప్పు. కళింగపట్నం, భోగాపురం లాంటి సముద్రం పక్క ఊళ్ల నుంచి పాత బండి వస్తే, పెయింటు మెరుపు చూసి మోసపోకుండా డోర్ల కింద అంచుని స్క్రూడ్రైవరుతో పొడవండి. లోపలికి దిగిందా, పుట్టీ పెట్టి పంపేయకండి. తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. అంతకు ముందు బ్యాటరీ వైరు తీయడం మరిచిపోవద్దు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.